ఇంట్లో చేసిన స్పిరిట్ ఏళ్ల తరబడి నిలవాలంటే సీసాకి ఏ మూత వేయాలి?

న్యూజిలాండ్‌లో సొంత వాడకం కోసం ఇంట్లో స్పిరిట్ (కాచి తీసిన గట్టి మద్యం) కాచుకోవడం 1996 నుంచి చట్టబద్ధం. అమ్మకూడదన్న షరతు మాత్రం ఉంది. అందుకే ఇక్కడ హోమ్‌బ్రూ షాపులో అడుగుపెడితే చిన్న స్టిల్లు (స్పిరిట్ కాచే పరికరాలు), ఈస్టు ప్యాకెట్లు, ఓక్ చెక్క ముక్కలు, ఖాళీ సీసాలు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఈ సరదా ఉన్నవాళ్లు ఏ గింజ వాడాలి, ఎంత సేపు కాయాలి, బొగ్గులో ఎన్నిసార్లు వడగట్టాలి అని గంటలు గంటలు మాట్లాడతారు. సీసాలో పోసి మూత వేసే దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'చేతికి దొరికింది బిగించెయ్' అంటారు. నాలుగేళ్ల తర్వాత తీసి చూస్తే మెడ కింద రెండు వేళ్ల వెలితి, అడుగున కార్కు నలుసులు, ఘాటు తగ్గిపోయిన చప్పటి రుచి. నెలల కష్టం ఒక్క మూత దగ్గర పోతోంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం మాట. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంట్లో సారా కాయడం నేరం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా వచ్చిన సారా నిషేధం ఎందుకు వచ్చాయో, సారా ఎన్ని ఇళ్లను ముంచిందో మనకి వేరే చెప్పనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో లైసెన్సు లేకుండా కాయకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఫెడరల్ నిబంధనలు, తమ రాష్ట్ర నిబంధనలు రెండూ చూసుకోకుండా స్టిల్లు జోలికి వెళ్లకండి. కాబట్టి కాచిన స్పిరిట్ గురించి ఇక్కడ చెప్పేదంతా న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లకు. కాకపోతే కొన్న వోడ్కాలోనో రమ్ములోనో నిమ్మ తొక్కలు, చెర్రీలు, అల్లం, యాలకులు ఊరబెట్టి లిక్కర్లు, అంటే సువాసన పట్టించిన తియ్యటి మద్యాలు, చేసుకునేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. మూత విషయంలో వాళ్ల సమస్యా ఇదే. ఇంకో సంగతి, కాచడంలో జరిగిన తప్పుని ఏ మూతా సరిచేయదు. మిథనాల్ ఉన్న సరుకు పదేళ్లు సీలు వేసి దాచినా విషమే.

సీసాలోంచి అసలు ఏం పోతుంది?

40 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్ గాజు సీసాలో పులవదు, బూజు పట్టదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టేది బయటి తేమా దుమ్మూ లోపలికి పోకుండా. స్పిరిట్ సీసాకి మూత వేసేది లోపలిది బయటికి పోకుండా. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

నీళ్ల కంటే ఆల్కహాల్ తేలిగ్గా ఆవిరవుతుంది. మూత సందుల్లోంచి పోయే ఆవిరిలో ఆల్కహాల్ పాలే ఎక్కువ. అందుకే సరుకు తగ్గడమే కాదు, మిగిలిన దాని బలం కూడా తగ్గుతుంది. దాంతోపాటు పైపై సువాసనలు, పండు వాసన, పూల వాసన ముందుగా వెళ్లిపోతాయి. అవే కదా మనం ఇంత కష్టపడి తెచ్చుకున్నవి.

రెండోది ఆక్సిజన్. నిండు సీసాలో మెడ దగ్గర ఉండే కాస్త గాలి వల్ల పెద్ద నష్టం లేదు. సగం తాగి సగం దాచిన 700 మి.లీ. సీసాలో 350 మి.లీ. గాలి ఉంటుంది, అంటే సుమారు 100 మిల్లీగ్రాముల ఆక్సిజన్. తీసిన ప్రతిసారీ కొత్త గాలి వస్తుంది. బ్రాందీ తరహా స్పిరిట్‌లో, పండ్ల లిక్కర్‌లో రంగు మారడం, రుచి చదునుగా అయిపోవడం దీనివల్లే. దీనికి మంచి మూత ఒక్కటే మందు కాదు. మిగిలింది చిన్న సీసాలోకి మార్చేయాలి.

మూడోది చాలామంది పట్టించుకోరు. వేడికి ఆల్కహాల్ బాగా వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల్లో నింపిన 700 మి.లీ. సీసా 40 డిగ్రీల గదిలో ఉంటే లోపలి ద్రవం 10 మి.లీ.కి పైగా పెరుగుతుంది. మూతి దాకా నింపి గట్టిగా బిగిస్తే ఆ ఒత్తిడికి కార్కు పైకి లేస్తుంది, లేదా మూత అంచునుంచి చెమ్మగా కారుతుంది. చలికి మళ్లీ కుంచించుకుపోయి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. పగలు కాలి రాత్రి చల్లారే గ్యారేజీలో పెట్టిన సీసా ఏడాది పొడవునా ఇలా ఊపిరి తీస్తూనే ఉంటుంది. మూత అడుగుకీ ద్రవానికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల వెలితి వదలండి. విజయవాడలోనో హ్యూస్టన్‌లోనో ఉండి లిక్కర్ ఊరబెట్టేవాళ్లు ఇంకొంచెం ఎక్కువే వదలాలి.

మూతల దగ్గరికి వెళ్లేముందు రెండు విషయాలు తేల్చుకోండి: ఎన్నేళ్లు దాచాలి, ఈలోపు ఎన్నిసార్లు తీస్తారు. ఐదేళ్లు ముట్టుకోని సీసాకి సరిపోయే మూత, వారం వారం తీసే సీసాకి సరిపోదు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా 'ఏది మంచిది' అని అడిగితే ఎవరూ సరైన సమాధానం ఇవ్వలేరు.

స్క్రూ మూత: చూడ్డానికి చవక, పనిలో గట్టిది

నా ఓటు దీనికే. పండక్కో పెళ్లికో బహుమతిగా ఇచ్చేటప్పుడు స్క్రూ మూత చూస్తే కొందరికి చిన్నతనంగా అనిపిస్తుంది. ఆ భావన పాతది. 2001లో న్యూజిలాండ్ వైన్ తయారీదారులు స్క్రూ మూత కోసం ప్రత్యేకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. కార్కు వాసన పట్టి వైన్లు పాడవుతున్నాయని విసిగిపోయి తీసుకున్న నిర్ణయం అది. ఇప్పుడు ఇక్కడ కొనే వైన్లో స్క్రూ మూత లేనిదే వింత.

ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. స్క్రూ మూత సీలు చేసేది మరల దగ్గర కాదు, సీసా మూతి అంచు మీద. మరలు చేసే పని మూత లోపలున్న లైనర్‌ని, అంటే లోపలి పలచటి బిళ్లని, ఆ అంచు మీదకి నొక్కి పట్టడం, అంతే. కుళాయిలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు మరలకి చుడితే లీకు ఆగుతుందని కొందరు చుడతారు. దానివల్ల సీలు మెరుగవదు సరికదా, మూత పూర్తిగా దిగకుండా అడ్డుపడే ప్రమాదం ఉంది. చూడాల్సింది అంచు. సీసా కడిగి ఆరాక వేలి గోరుని మూతి చుట్టూ మెల్లగా తిప్పండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ పెచ్చు ఊడిందన్న మాట. కంటికి కనిపించనంత చిన్న పెచ్చు కూడా గోటికి తెలుస్తుంది. ఆ సీసాని వంటనూనెకి వాడుకోండి, స్పిరిట్‌కి వద్దు.

లైనర్లలో మూడు నాలుగు రకాలు దొరుకుతాయి. మామూలు తెల్ల ఫోమ్ లైనర్ పాలిథిలీన్‌ది. ఏడాది రెండేళ్లకి, తటస్థమైన వోడ్కా లాంటి దానికి ఫర్వాలేదు. కోన్ ఆకారంలో ప్లాస్టిక్ చొప్పించిన మూతలు ఉంటాయి, ఎక్కువగా నల్లవి. బిగించినప్పుడు ఆ కోన్ సీసా మూతి లోపలికి దిగి అంచుకి గట్టిగా అతుక్కుంటుంది. చిన్న ప్రయోగశాల సీసాలకి, టింక్చర్ సీసాలకి వేసేవి ఇవే. ఇంటి వాడకంలో దొరికే వాటిలో ఎక్కువ కాలానికి నమ్మదగ్గది ఈ రకం. టెఫ్లాన్ పూత ఉన్న లైనర్, తగరం పొర ఉన్న లైనర్ ఇంకా మేలు, ధర కూడా ఎక్కువే.

నిమ్మ, నారింజ తొక్కలతో లిక్కర్ చేసేవాళ్లు మాత్రం లైనర్ దగ్గర రాజీ పడకండి. తొక్కలో ఉండే లిమోనీన్ అనే నూనె పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. పాలిథిలీన్ ఫోమ్‌ని కరిగించదు గానీ అందులోకి ఇంకిపోతుంది. అంటే సువాసన సీసాలోంచి మూతలోకి వెళ్లిపోతుంది. ఏడాది ఆగిన మూత వాసన చూస్తే ఘుమఘుమలాడుతుంటుంది, లోపల లిక్కర్ మాత్రం చప్పబడి ఉంటుంది. సిట్రస్‌కి టెఫ్లాన్ లేదా తగరం పొర తప్ప వేరే మాట లేదు.

కొనేటప్పుడు కొలత సరిచూసుకోండి. 28-400 అని రాసుంటే మూతి బయటి వ్యాసం సుమారు 28 మి.మీ., మర ఒక చుట్టు. సీసాకీ మూతకీ ఈ రెండు అంకెలూ కలవాలి. ఒక రకం సీసాకి ఇంకో రకం మూత 'దాదాపు సరిపోయింది' అంటే సరిపోలేదనే.

షాపులో కొన్న విస్కీ సీసా అల్యూమినియం మూత మళ్లీ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ మూతకి మొదట మరలు ఉండవు. ఫ్యాక్టరీలో సీసా మీద పెట్టి యంత్రం రోలర్లతో నొక్కినప్పుడు ఆ సీసా మరల అచ్చు దాని మీద పడుతుంది. అంటే అది ఆ ఒక్క సీసాకే కుదిరిన మూత. లైనర్ కూడా ఒకసారి నలిగి ఉంటుంది. అదే సీసాకి అదే మూత పెట్టి కొన్ని నెలలు వాడుకోవచ్చు. దీర్ఘకాలానికి కొత్త మూత కొనండి, అదేమంత ఖర్చు కాదు.

బిగించడంలో ఒక చిన్న మెలకువ ఉంది. చేత్తో గట్టిగా బిగించి వదిలేయండి, మర్నాడు మళ్లీ ఒకసారి బిగించండి. ప్లాస్టిక్, ఫోమ్ నొక్కుకుపోయి కాస్త వదులవుతాయి కాబట్టి రెండోసారి ఎంతో కొంత తిరుగుతుంది. ఆ కాస్తే లెక్క. తర్వాత ఒక కాగితం పరిచి రాత్రంతా సీసాని బోర్లా పడుకోబెట్టి చూడండి. కాగితం మీద మరక లేకపోతే నిలబెట్టి అలమారాలో పెట్టొచ్చు.

టీ-కార్క్: అందం ఎక్కువ, ఆయుష్షు తక్కువ

పైన చెక్కదో ప్లాస్టిక్‌దో గుండ్రటి తల, కింద పొట్టి బిరడా. మంచి విస్కీల మీద, జిన్‌ల మీద ఇప్పుడు కనిపించేది ఇదే. తీసి మళ్లీ పెట్టుకోవడానికి ఇంత సుఖమైన మూత లేదు. తీస్తుంటే వచ్చే ఆ చిన్న చప్పుడు కూడా తాగేవాళ్లకి ఇష్టం. ఏడాది రెండేళ్లలో అయిపోయే సీసాకి, బహుమతి సీసాకి ఇది చక్కటి ఎంపిక.

కార్కు అనేది ఓక్ జాతి చెట్టు బెరడు. పోర్చుగల్లో ఎక్కువగా పండుతుంది. ఒకసారి బెరడు ఒలిచాక మళ్లీ ఒలవడానికి కనీసం తొమ్మిదేళ్లు ఆగుతారు. వైన్‌లో 12, 14 శాతం ఆల్కహాల్‌కి అది బాగా తట్టుకుంటుంది, అందుకే వైన్ సీసాల్ని పడుకోబెట్టి కార్కు తడిగా ఉంచుతారు. స్పిరిట్‌ని అలా చేయకూడదు. 40 శాతం పైన ఉన్న ఆల్కహాల్ కార్కుని మెత్తబరుస్తుంది, అందులోని రంగునీ చేదునీ లాగేస్తుంది, కొన్నేళ్లకి కార్కు నలుసులుగా రాలడం మొదలవుతుంది. కార్కు ఉన్న స్పిరిట్ సీసా ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. ఈ ఒక్క నియమం పాటించకపోవడం వల్ల పాడైన సీసాలే ఎక్కువ.

నిలబెట్టినా పదేళ్లు దాటాక సహజ కార్కు పెళుసెక్కుతుంది. పాత విస్కీ సీసా తీస్తుంటే తల చేతిలోకి వచ్చి బిరడా మెడలోనే ఉండిపోవడం సేకరించేవాళ్లందరికీ తెలిసిన బాధ. దీనికి తోడు కార్కు వాసన ఒకటి. టీసీఏ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములు ఉన్నా ముక్కుకి తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. ఏ బిరడాలో అది ఉందో చూసి చెప్పలేం.

అందుకని టీ-కార్కే కావాలనుకుంటే సింథటిక్ బిరడా ఉన్నది తీసుకోండి. వాసన లేదు, నలుసులు రాలవు. దాని లోపం వేరే. కార్కులా సాగుతూ పట్టుకుని ఉండదు, కొన్నేళ్లకి బిగుతు తగ్గుతుంది. కార్కు పొడిని జిగురుతో నొక్కి చేసిన రకం ఇంకోటి ఉంది, మరీ చవకది మాత్రం నాకు నచ్చదు. గట్టి స్పిరిట్‌లో అంచులు పొడిపొడిగా రాలుతాయి.

కొలత ఇక్కడా ముఖ్యమే. మెడ లోపలి వ్యాసం 18.5 మి.మీ. ఉంటే బిరడా 19.5 మి.మీ. ఉండాలి. ఆ ఒక్క మిల్లీమీటరు నొక్కుడే సీలు. వేలితో తోస్తే సులువుగా జారిపోయే బిరడా సీలు కాదు, అది దుమ్ము పడకుండా పెట్టిన మూత మాత్రమే. ఇంకో జాగ్రత్త, పొగ వాసన ఉండే పీటీ విస్కీ సీసా బిరడా తెచ్చి మీ చెర్రీ లిక్కర్‌కి పెట్టకండి. పొగ వాసన బిరడాలోంచి పోదు, ఎంత ఉడకబెట్టినా పోదు.

తీగ మూత సీసాలు

పింగాణీ లేదా ప్లాస్టిక్ బిరడా, దానికి రబ్బరు వాషరు, పక్కన తీగ క్లిప్పు. 1875లో అమెరికాలో పేటెంట్ పొందిన ఈ ఏర్పాటు ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది. ఇంట్లో చేసినవాటికి అందరూ మొదట కొనేవి ఇవే. టక్కున పడుతుంది, టక్కున తీయొచ్చు, చూడ్డానికి బాగుంటుంది.

అంతా ఆ వాషరు మీదే ఆధారపడి ఉంది. మామూలు రబ్బరు వాషరు స్పిరిట్ ఆవిరికి ఉబ్బుతుంది, తర్వాత పగుళ్లు బారుతుంది, ఆ మధ్యలో రబ్బరు వాసన లోపలికి ఇస్తుంది. దాంతో సిలికాన్ వాషరు మార్చుకోమని చెబుతుంటారు. సిలికాన్ ఏళ్ల తరబడి మెత్తగా ఉంటుంది, వాసన ఇవ్వదు, నిజమే. అయితే రబ్బరు జాతి పదార్థాలన్నిటిలో వాయువుల్ని ఎక్కువగా పోనిచ్చేది సిలికానే. అది కారదు గానీ ఆవిరిని పోనిస్తుంది. ఊరబెట్టే దశలో, వారం వారం రుచి చూసే దశలో తీగ మూత సీసా వాడండి. ఐదేళ్లు దాచే సీసాకి దీన్ని నేను సిఫారసు చేయను. క్లిప్పు వదులైన పాత సీసాలైతే అసలు వద్దు.

క్రౌన్ మూత: ఎవరూ పట్టించుకోని మంచి ఎంపిక

సోడా, బీరు సీసాల రేకు మూత. విలియం పెయింటర్ అనే ఆయన 1892లో పేటెంట్ తీసుకున్న ఆ మూతే. ఒక లివరు పరికరం కొంటే ఇంట్లోనే వేసుకోవచ్చు. 26 మి.మీ. మూత, ముదురు గోధుమ రంగు 330 మి.లీ. సీసా. రేకు కాబట్టి పైనుంచి ఆవిరి పోయే దారే లేదు, గోధుమ రంగు గాజు కాబట్టి వెలుతురు దెబ్బ కూడా తక్కువ. తీస్తే మళ్లీ పెట్టలేం, అదే దీని లోపం. కానీ దీర్ఘకాలం దాచేవాళ్లకి అది లోపమేనా? ఒకే దఫా సరుకుని పది చిన్న సీసాల్లో క్రౌన్ మూతలు వేసి పెట్టుకుంటే ఏడాదికొకటి తీసి రుచి ఎలా మారుతోందో చూడొచ్చు. మిగతావాటిలోకి గాలి పోదు. 700 మి.లీ. సీసా ఒకటి పెట్టుకుని పదిసార్లు తీసి చూడడం కంటే ఇది ఎంతో నయం. మూత లోపలి లైనర్ స్పిరిట్‌కి పనికొస్తుందా అని కొనేటప్పుడు అడగండి, సీసాని నిలువుగానే పెట్టండి.

నిటారుగా లోపలికి కొట్టే పొడవాటి వైన్ కార్కు గురించి ఎక్కువ చెప్పను. 24 మి.మీ. కార్కుని యంత్రంతో నొక్కి 18.5 మి.మీ. మెడలోకి దించుతారు, సీలు గట్టిదే. పోర్ట్ వైన్ తరహా 20 శాతం లిక్కర్‌కి సరే. 40, 50 శాతం స్పిరిట్‌కి పైన చెప్పిన కార్కు కష్టాలన్నీ దీనికీ ఉన్నాయి.

గాజు బిరడా డికాంటర్లు అతిథులకి వడ్డించడానికి. గాజుకి గాజు ఎంత బాగా నూరి కలిపినా సన్నటి సందు ఉంటుంది, ఆవిరి పోతూనే ఉంటుంది. పాత లెడ్ క్రిస్టల్ (సీసం కలిపిన గాజు) డికాంటర్ అయితే ఒక్క రాత్రికి మించి ఉంచొద్దు. ఏళ్ల తరబడి నిలవ ఉంచిన బ్రాందీలోకి సీసం బాగా దిగుతుందని 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. తాతల నాటిది, అందంగా ఉంది అని అందులో దాచుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ప్లాస్టిక్ సీసాలు, రబ్బరు బిరడా పెట్టిన పెద్ద గాజు జార్లు కొద్ది వారాలకి మాత్రమే. అంతకు మించి వద్దు.

మైనం సీలు మీద ఇంత నమ్మకం ఎందుకు?

ఎర్రటి మైనం కారిన సీసా అంటే అందరికీ గుర్తొచ్చేది అమెరికాలోని కెంటకీ బూర్బన్ విస్కీ మేకర్స్ మార్క్. 1958లో మొదటి సీసా వచ్చినప్పటి నుంచీ దాని మెడకి ఎర్ర మైనమే. అది చూసి చాలామంది మైనం పోస్తే సీసా శాశ్వతంగా సీలు అయిపోయినట్టే అనుకుంటారు. మైనం కింద ఉన్న మూత సరిగ్గా లేకపోతే పైన మైనం ఎంత మందంగా పోసినా నిలబడదు. మైనం అదనపు పొర. కార్కు ఎండకుండా, ఎవరూ తీయకుండా, సందుల్లోంచి పోయే ఆవిరి తగ్గేలా చూస్తుంది. అంతవరకే దాని పని.

ఉత్త పారఫిన్ మైనం పెళుసు. చలికాలంలో చిన్న దెబ్బకే పెచ్చులూడుతుంది. తేనె మైనం కాస్త సాగుతుంది, 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఇంట్లో పని సులువు, కానీ వేసవిలో చేతికి అంటుకుంటుంది. పార్సిళ్ల మీద వేసే లక్క బాగా గట్టిది, గాజుకి బాగా పట్టుకుంటుంది, తీసేటప్పుడు గాజు పెంకుల్లా పగిలి గ్లాసులో పడుతుంది. సీసాలకనే పూసల్లా అమ్మే సాగే మైనం దొరుకుతుంది, ఖర్చయినా అదే కొనమంటాను.

ముంచేటప్పుడు వచ్చే సమస్య ఒకటే. మైనం వేడికి మెడలోని గాలి వ్యాకోచించి బుడగలా బయటికి వస్తుంది, అది వచ్చిన చోట మైనంలో సూది మొన అంత రంధ్రం మిగులుతుంది. పైకి నున్నగా కనిపిస్తుంది, వెలుతురులో పక్కకి వంచి చూస్తే తెలుస్తుంది. దాన్ని తప్పించడానికి మూత వేశాక సీసాని ఒక రోజు చల్లటి గదిలో ఉంచండి. ముంచి రెండు సెకన్లలో తీసేయండి, తిప్పుతూ ఆరనివ్వండి, చల్లారాక రెండోసారి ముంచండి. మూత కింద అంచు దాటి కనీసం రెండు సెంటీమీటర్లు గాజు మీదకి మైనం రావాలి. మొదటి ముంపుకి ముందే ఒక సన్నటి రిబ్బన్ మెడ చుట్టూ చుట్టి కొస బయటికి వదిలితే తీసేటప్పుడు కత్తి అక్కర్లేదు.

మైనాన్ని ఎప్పుడూ వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెట్టకండి. పక్కన తెరిచిన స్పిరిట్ ఉండకూడదు. 40 శాతం స్పిరిట్ ఆవిరి సుమారు 26 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే స్థితికి వస్తుంది. సీసాలన్నీ మూతలు బిగించి, కారినదంతా తుడిచి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించాలి. ఇందులో తొందర పనికిరాదు.

వేడి గాలికి ముడుచుకుని మెడకి అతుక్కునే ప్లాస్టిక్ తొడుగులు సీలు కావు. ఎవరైనా తీశారా లేదా తెలియడానికే పనికొస్తాయి. ల్యాబుల్లో వాడే పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) మాత్రం నిజంగా ఉపయోగం. చేత్తో రెండింతలు సాగదీసి మూతకీ గాజుకీ కలిపి బిగుతుగా చుడితే ఆవిరి నష్టం తగ్గుతుంది. మూత బిగుసుకునే దిశలోనే చుట్టండి. కొన్నేళ్లకి అది ఎండి చిట్లుతుంది, అప్పుడు కొత్తది చుట్టాలి.

మూత పనిచేస్తోందో లేదో తెలిసేదెలా?

కంటితో చూసి వెలితి పెరిగిందో లేదో చెప్పడం కష్టం. చాలా పోయాక గానీ కనిపించదు. వంటింటి త్రాసు చాలు. సీలు వేసిన రోజు సీసాని మూతతో సహా తూచి, ఆ బరువు గ్రాముల్లో లేబుల్ మీద రాయండి. పక్కనే తేదీ, ఆల్కహాల్ శాతం, మూత రకం కూడా రాయండి. ఆరు నెలలకోసారి అదే త్రాసు మీద తూచండి. ఒకటి రెండు గ్రాముల తేడా త్రాసుదే కావచ్చు. ఐదు పది గ్రాములు పోతే ఆ మూత పని చేయడం లేదని అర్థం. అప్పుడే మార్చేయండి, 'చూద్దాంలే' అనుకోవద్దు. ఒకే సరుకుని మూడు రకాల మూతలతో మూడు సీసాల్లో పెట్టి తూచి చూస్తే, ఎవరి సలహా కంటే ఎక్కువ మీ ఇంటి వాతావరణమే మీకు చెబుతుంది.

ఇక ఎవరికి ఏది?

వోడ్కా, జిన్, తెల్ల రమ్ము లాంటివి రెండేళ్లకి పైగా దాచేవాళ్లకి కోన్ లైనర్ ఉన్న స్క్రూ మూత, పైన పారాఫిల్మ్. ఓక్ చెక్క వేసి రంగు తెచ్చుకున్న స్పిరిట్‌కి కూడా అదే, చెక్క ముక్కలు తీసేసి వడగట్టి మరీ పోయండి. ఏటా రుచి చూడాలనుకునేవాళ్లకి చిన్న సీసాలు, క్రౌన్ మూతలు. ఇంటికొచ్చే వాళ్లకి ఇచ్చే సీసాకి సింథటిక్ టీ-కార్క్, పైన మైనం, 'నిలబెట్టి ఉంచండి' అని లేబుల్ మీద ఒక మాట. 50, 60 శాతం గట్టి సరుకు నీళ్లు కలపకుండా దాచేవాళ్లు కార్కు జోలికి అసలు పోవద్దు.

పంచదార కలిపిన లిక్కర్లలో మూత అంచు మీద ఒక్క చుక్క ఉండిపోయినా ఎండి గాజులా గట్టిపడుతుంది, లైనర్ అంచు మీద సరిగ్గా కూర్చోదు. మూత పెట్టేముందు మూతి అంచునీ మరల్నీ వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక బిగించండి. పండ్ల రసం బాగా కలిసి 20 శాతం కంటే తగ్గిపోయిన లిక్కర్‌ని దీర్ఘకాలం దాచే ఆలోచన వద్దు. అందులో మళ్లీ పులియడం మొదలైతే మూత ఎంత గట్టిదైతే అంత ప్రమాదం, సీసా పేలుతుంది. పాల మీగడ కలిపినవి ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని వారాల్లో వాడేయాల్సిందే.

ఇప్పటికే అలమారాలో పాత కార్కుల సీసాలు ఉన్నవాళ్లు అన్నిటినీ ఒకేసారి తీయాల్సిన పనిలేదు. మెడ దగ్గర వెలితి ఎక్కువగా ఉన్నవాటిని, మూత దగ్గర ముక్కు పెడితే వాసన వస్తున్నవాటిని ముందు తీయండి. కార్కుని లాగకుండా మెల్లగా తిప్పుతూ పైకి తీయండి. మధ్యలో విరిగితే మిగిలిన ముక్కని లోపలికి తోసేసి, వెంటనే కాఫీ ఫిల్టరు కాగితంలోనో నాలుగు మడతల పలచటి గుడ్డలోనో వడగట్టి, ఆ సరుకు ఎంత ఉంటే అంతకి సరిపోయే చిన్న సీసాలోకి మార్చి కొత్త స్క్రూ మూత బిగించండి. కార్కు ముక్క నలుసులతో పాటు స్పిరిట్‌లో ఒక్క వారం నానినా చేదు దిగుతుంది, కాబట్టి ఆ పని అదే పూట పూర్తి చేసుకోండి.